వంద మీటర్ల చదువు

ఉప్పరమడుగు ద్రాక్ష విద్యాపీఠంలో పండు ఎప్పుడు కొయ్యాలో నిర్ణయించే అధికారం కాగితాల్లో ప్రిన్సిపాలుది, తోటలో కుళ్లాయప్పది. ఇరవయ్యారేళ్లుగా అంతే. మార్చి మొదటి వారంలో కుళ్లాయప్ప పొద్దున్నే తోటలోకి దిగి, సాలుకొక చోట ఆగి, ఒక్కో పండు నోట్లో వేసుకుని గింజ కొరికి చూస్తాడు. గింజ పచ్చిగా తగిలితే ఊసేసి వెళ్లిపోతాడు. వక్కపలుకులా కటుక్కుమంటే ప్రిన్సిపాలు గదికి వచ్చి "ఎల్లుండి సార్" అంటాడు. ప్రిన్సిపాలు డాక్టర్ చక్రధరరావు "శాస్త్రీయ పరీక్షల అనంతరం ఎల్లుండి కోతకు ఆదేశించడమైనది" అని రాసి సంతకం పెడతాడు.

ఆ ఏడు కుళ్లాయప్ప "ఎల్లుండి సార్" అని చెప్పడానికి వెళ్లేసరికి గదిలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ పరంజ్యోతి. ఒళ్లో కొలిచే టేపు చుట్ట ఉంది.

ఇక్కడ విద్యాపీఠం సంగతి కొంచెం చెప్పాలి. ఆ వైపు ఎర్రనేలల్లో ద్రాక్ష బాగా పండుతుంది. ఎంత బాగా పండితే ధర అంత బాగా పడిపోతుంది. అలా పడిపోయిన ఒక ఏడు రైతులు పండ్లు తెచ్చి రోడ్డు మీద పారబోస్తుంటే, కారు ముందుకు కదలక ఆగిపోయిన ఒక పెద్దమనిషి, "ఇదంతా వైన్ చేస్తే పోలేదా?" అన్నాడు. ముప్ఫై ఎకరాల తోట, ఒక బడి, బడికి ఎదురుగా వైనరీ అలా వెలిశాయి. పిల్లలు పొద్దున బడిలో పాఠం వింటారు, మధ్యాహ్నం ఎదుటి వైనరీలో అదే పాఠం చేతులతో చేస్తారు. రెండేళ్ల కోర్సు. సీట్లు ఇరవై. రెండు తరగతులూ కలిపి ఉండేది మాత్రం పదిమందో పదకొండుమందో. ఊళ్లోవాళ్లకు వైన్ అంటే బస్టాండు పక్కన ఇనుప జాలీ వెనక నుంచి అందించే సరుకే. "వైన్స్‌లో చదువేందప్పా?" అని నవ్వేవాళ్లు.

"కొత్త ఉత్తర్వు వచ్చిందండి," అన్నాడు పరంజ్యోతి. మంచి మనిషి. చేయి చాచే రకం కాదు, బెదిరించే రకమూ కాదు. నిబంధనను నిబంధన కోసమే ప్రేమించే మనిషి. "ఏ విద్యాసంస్థకైనా వంద మీటర్ల లోపల మద్యం తయారీ గానీ, నిల్వ గానీ, సేవనం గానీ ఉండరాదు. మీ బడి గేటు నుంచి మీ వైనరీ తలుపు దాకా ఇప్పుడే కొలిచాను. నలభై ఒక్క మీటర్లు."

"ఇది వైన్ బడి కదండీ," అన్నాడు ప్రిన్సిపాలు.

"అవునండి. విద్యాసంస్థే. బోర్డు మీద కూడా ఉంది."

"మరి వైన్ బడికి మినహాయింపు..."

"అనుబంధం బి లో వెతికానండి. ఆస్పత్రుల స్పిరిటు ఉంది. హోమియోపతి మందులున్నాయి. గుర్రాలకు పట్టించే మర్దనా తైలం ఉంది. మీరు లేరు." గొంతులో నిజమైన విచారం ఉంది. "రెంట్లో ఏదో ఒకటి జరగాలండి. బడి అయినా జరగాలి, వైనరీ అయినా జరగాలి."

"రెండూ జరగాలనే కదండీ మా తాపత్రయం!"

"రెండూ జరగనక్కర్లేదు. ఒక్కటి జరిగితే చాలు. యాభై తొమ్మిది మీటర్లు."

గుమ్మంలో నిలబడి వింటున్న కుళ్లాయప్పకు తోటలో కటుక్కుమన్న గింజలు గుర్తొచ్చాయి. రెండు రోజులు దాటితే పండు మెత్తబడుతుంది. "గోడలు జరగవు గదా సార్," అన్నాడు. "దారిని జరిపితే సరిపోదా?"

పరంజ్యోతి ఉత్తర్వు తిరగేశాడు. ఏడో నిబంధన ప్రకారం దూరమనగా సామాన్య పాదచారి నడుచు మార్గపు పొడవు. అతని ముఖం వెలిగింది. సాయంత్రానికల్లా బడికీ వైనరీకీ మధ్య ఖాళీ జాగాలో వెదురు తడికలు నిలబెట్టారు. దారి కుడికి పోయి, వెనక్కి తిరిగి, ఎడమకు పోయి, మళ్లీ వెనక్కి తిరిగి వైనరీ తలుపు దగ్గర తేలింది. పరంజ్యోతి ఆ మలుపులన్నిట్లో టేపు పరుచుకుంటూ వెళ్లి నూట మూడు మీటర్లని తేల్చాడు. ఆ రోజు నుంచి విద్యాపీఠం వాళ్లు ఎదురుగా కనిపిస్తున్న తలుపుకు వీపు పెట్టి బయల్దేరేవారు.

కోత బాగా జరిగింది. ఆ ఏడు పండు కుళ్లాయప్ప చేతి మీదుగా వచ్చిన వాటిలోకెల్లా మంచిది. వైనరీలో రెండు పెద్ద స్టీలు తొట్లున్నాయి. మొదటిది విద్యాపీఠం పంటతో నిండింది. రెండోదాన్ని నింపింది నాగవేణి వాళ్ల నాన్న. నాగవేణి రెండో సంవత్సరం విద్యార్థిని. అంతకుముందు రెండేళ్లు వాళ్ల నాన్న పంటంతా రోడ్డు పాలైతే, ఆ పిల్ల ఇక్కడ చేరి, ఆయన్ని ఏడాది పొడుగునా పోరి, ఈసారి పండును ట్రాక్టర్ల మీద ఇక్కడికి తోలించింది.

పిల్లలంతా పండును చిదిమి తొట్లలో పోశారు. మూడో రోజు పొద్దున తొట్లలోంచి బుసబుస శబ్దం మొదలైంది. కుళ్లాయప్పకు అది సంగీతం. పరంజ్యోతికి అది ఫిర్యాదు. గాజు గొట్టం ముంచి చూసి గడియారం చూసుకున్నాడు.

"నిన్న సాయంత్రం వరకు ఇది పండ్ల రసం. ఇప్పుడు తొమ్మిది గంటల ఇరవై నిమిషాల నుంచి మద్యం. విద్యార్థులు బయటికి రావాలి."

"తడికలు కట్టినాము గదా సార్?" అంది నాగవేణి.

పరంజ్యోతి జేబులోంచి పై కార్యాలయం లేఖ తీసి చదివాడు. "మార్గపు పొడవు సంతృప్తికరము. అయితే విద్యాసంస్థయనగా కేవలము ఇటుకలు, సున్నము కాదు. విద్యార్థి గానీ, బోధనా సిబ్బంది గానీ ఎచ్చట ఉందురో అదియే విద్యాసంస్థ. కావున విద్యార్థి వైనరీలో ప్రవేశించిన క్షణమున విద్యాసంస్థకు, మద్యమునకు మధ్య దూరము సున్న." లేఖ మడిచి, "సున్న మరీ తక్కువమ్మా," అన్నాడు.

పదకొండుమంది బయటికి వచ్చారు. వాళ్ల వెనకే కుళ్లాయప్ప కూడా రావలసి వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాడు రికార్డుల్లో ఆయన హోదా "బోధనా సహాయకుడు" అని రాశారు. ఇరవయ్యారేళ్లలో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా తలచుకోలేదు. ఇప్పుడది ఆయన్ని తలచుకుంది. తోటపని కూలీలను పంపుదామంటే, వాళ్లు విద్యాపీఠం మస్టర్‌లో ఉన్నవాళ్లేనని పరంజ్యోతి తల అడ్డంగా ఊపాడు.

ఇక వైనరీలో ఉండదగిన వాడు ఒక్కడే తేలాడు. అక్కడ కాపలాకు పెట్టిన హోంగార్డు కదిరప్ప. జీవితంలో చుక్క ముట్టని వాడు, చెరకురసం తాగినా కళ్లు తిరుగుతాయని చెప్పుకునేవాడు.

చదువు ఆగకూడదని ప్రిన్సిపాలు పట్టుబట్టాడు. బడి వరండాలో మైకు, వైనరీ కిటికీకి లౌడ్‌స్పీకరు పెట్టించాడు. పదకొండుమంది వరండాలో వరసగా కూర్చునేవారు. జతకొక బైనాక్యులర్. దానికి "సుదూర ప్రయోగాత్మక బోధన" అని పేరు పెట్టి పై కార్యాలయానికి నివేదిక పంపితే, ఇతర సంస్థలు కూడా దీన్ని ఆదర్శంగా తీసుకోవాలని జవాబు వచ్చింది.

నల్లద్రాక్ష పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి మందంగా తెట్టె కడతాయి. రోజుకు రెండుసార్లు దాన్ని కిందికి అదమకపోతే గాలి తగిలి పుల్లబడుతుంది. కుళ్లాయప్ప మైకు పట్టుకుని చెప్పేవాడు. "కదిరప్పా, ఆ పొడుగు కట్టె తీసుకో. తెట్టెను అడుక్కు తొయ్యి. అట్ల కాదప్పా, గంగాళంలో సంగటి కెలికినట్ల!"

కదిరప్ప కిటికీలోంచి అరిచేవాడు. "నా డ్యూటీ కాపలా కాసేది సారూ! కెలికేది గాదు! మా ఆఫీసర్‌తో ఒక కాగితం రాయించండి!"

బడి పక్కన మద్యం కలపమని కాగితం రాసేవాడు జిల్లాలో లేడు. అయినా కదిరప్ప మనసున్నవాడు. ఎదురుగా ఆ పెద్దాయన మైకులో బతిమాలుతుంటే చూడలేక కట్టె తీసుకునేవాడు. మొదటి తొట్టి తలుపు పక్కనే ఉంది కాబట్టి సరిగ్గా అదిమేవాడు. రెండోది లోపల, నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన ఎక్కడం కాపలా కిందికి వస్తుందో రాదో అతనికి తేలలేదు, ఎక్కలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం కుళ్లాయప్ప మైకులో అడిగాడు. "రెండో తొట్టిలోది వేలు ముంచి నాలిక మీద పెట్టుకో కదిరప్పా. మింగొద్దు, ఊసెయ్. ఎట్లుండాది?"

కదిరప్ప ఆ ఒక్కసారికి నిచ్చెన ఎక్కాడు. తర్వాత కిటికీలో తల కనిపించింది. "పులిసిపోయిన మజ్జిగ మాదిరి ఉండాది సారూ! ముక్కులోకి కొడతాండాది!"

వరండాలో నాగవేణి బైనాక్యులర్ దించింది. కుళ్లాయప్ప మైకు స్టాండు మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు, గుడిలోకి పోయేవాడిలా. మెట్లు దిగి, వంకర దారి వైపు తిరగకుండా ఎదురుగా ఉన్న తడికను భుజంతో తోసి, నలభై ఒక్క మీటర్లూ సూటిగా నడిచాడు. బడి అంతా లేచి నిలబడి చూసింది. ఆ నడకను అడ్డుకోవలసిన కదిరప్ప తలుపు తెరిచి పట్టుకున్నాడు.

సాయంత్రం దాకా ఇద్దరూ లోపలే ఉన్నారు. మొదటి తొట్టిలోదాన్ని తొక్కల నుంచి వడకట్టి, గాలి చొరకుండా మూతలు బిగించి కాపాడారు. రెండోదాని నిచ్చెన ఎక్కిన కుళ్లాయప్ప ఒక గరిటెడు నోట్లో పెట్టుకుని, ఊసి, ఆ నిచ్చెన మెట్టు మీదే కాసేపు కూర్చుండిపోయాడు.

బయటికి వచ్చేసరికి నాగవేణి తడిక అవతల నిలబడి ఉంది. "రెండోది?" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా నాయన రోడ్డు మీద పోసేదానికీ, ఈడ పోసేదానికీ తేడా యేముండాది సార్?" అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది.

మర్నాడు కుళ్లాయప్పను సస్పెండ్ చేశారు. ఉత్తర్వు టైపు చేస్తున్నప్పుడు చక్రధరరావు రెండుసార్లు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, కానీ అక్షరం తప్పు పోనివ్వలేదు. "సస్పెన్షన్ కాలమున సదరు ఉద్యోగి విద్యాసంస్థకు చెందినవాడు కాడు. విద్యాసంస్థ ఆవరణలో అడుగు పెట్టరాదు."

ఉత్తర్వు ప్రతి అందుకున్న పరంజ్యోతి దాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారికి అతని ముఖం మళ్లీ తడికలనాటిలా వెలిగింది.

"కుళ్లాయప్పగారూ, మీరు ఇప్పుడు బోధనా సిబ్బంది కాదు."

"తెలుసు సార్."

"విద్యాసంస్థకు చెందినవారే కాదు. అంటే మీరున్న చోటు విద్యాసంస్థ కాదు. మీరు బడిలోకి పోకూడదు. వైనరీలోకి పోవడానికి నాకు అభ్యంతరం కనిపించడం లేదు."

కుళ్లాయప్ప ఆయన వంక చూశాడు. ఎగతాళి కాదు. నిబంధన అలా చెబుతోంది, ఆయన చదువుతున్నాడు, అంతే. ఆ రోజు నుంచి కుళ్లాయప్ప పొద్దున ఏడింటికి వైనరీకి వచ్చి సాయంత్రం దాకా పనిచేశాడు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో అంత ప్రశాంతంగా పని చేసుకున్నది లేదు.

వరండాలో ఉపాధ్యాయుడు లేని మైకు ముందు పిల్లలు రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు నాగవేణి ప్రిన్సిపాలు గదికి వెళ్లింది.

"నన్ను సస్పెండ్ చెయ్యండి సార్."

"కారణం ఉండాలి తల్లీ. క్రమశిక్షణా నియమావళి ఊరికే ఒప్పుకోదు."

నాగవేణి బయటికి వెళ్లి, పదిన్నరకే, ఇంటికి వదిలే లాంగ్ బెల్ కొట్టింది. వంటమనిషితో సహా అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. సాయంత్రానికి ఉత్తర్వు, మర్నాడు పొద్దునకు నాగవేణి వైనరీలో మొదటి తొట్టి పక్కన, చేతిలో గాజు గొట్టం.

ఆ తర్వాత క్రమశిక్షణ చెడడం అంటురోగంలా పాకింది. నలుగురు వరండాలో క్రికెట్ ఆడి గడియారం పగలగొట్టారు. ముగ్గురు గోడ మీద "నలభై ఒక్కటి జిందాబాద్" అని రాశారు. ఒకడు ప్రార్థనలో ఈల వేశాడు. అందరిలోకీ ఘోరమైన నేరం ఇంకొకడిది. "వైన్ రుచిని వర్ణింపుము" అన్న పరీక్ష ప్రశ్నకు "చూడనివ్వలేదు, కాబట్టి తెలియదు" అని రాశాడు. అతడిని గంటలోపే సస్పెండ్ చేశారు. వారం తిరిగేసరికి పదిమందీ కుళ్లాయప్ప చుట్టూ చేరి వడకట్టడం, పీపాలు కడగడం, మొదటి తొట్టిలోది గాజుగ్లాసులో వెలుతురుకు ఎత్తి చూడడం నేర్చుకుంటున్నారు.

పదకొండోవాడు ధర్మతేజ. ఒకటో తరగతి నుంచి ఒక్కరోజు బడి మానని వాడు. ఖాళీ వరండాలో ఒక్కడే కూర్చుని, బైనాక్యులర్‌తో తన తోటివాళ్లను చూస్తూ నోట్సు రాసుకునేవాడు.

పరంజ్యోతి ప్రిన్సిపాలుకు సమస్య వివరించాడు. "పదిమంది విషయం తేలిపోయిందండి. ఈ ఒక్క కుర్రాడు ఉన్నంతవరకు ఇది విద్యాసంస్థ. ఇతను లేకపోతే ఇక్కడ విద్యార్థి లేడు, విద్యార్థి లేనిచోట విద్యాసంస్థ లేదు, విద్యాసంస్థ లేనిచోట ఉల్లంఘన లేదు. కేసు మూసేస్తాను."

చక్రధరరావు ధర్మతేజను పిలిపించి ఎదురుగా కుర్చీ వేయించాడు. "నాయనా, నీ వల్ల ఒక చిన్న సాయం కావాలి. ఏదైనా తప్పు చెయ్యి."

ధర్మతేజ లేచి నిలబడ్డాడు. "నేనేం తప్పు చేశాను సార్?"

"చెయ్యలేదనే చెయ్యమంటున్నాను. పెద్దదేం అక్కర్లేదు. ఆ కిటికీ అద్దం చూడు, ఎలాగూ బీటలు వారింది."

"అది ప్రభుత్వ ఆస్తి సార్."

"పోనీ నన్నొక మాట అను."

ధర్మతేజ ఎంతో ప్రయత్నించాడు. ముఖం ఎర్రబడింది, నోరు తెరిచాడు, మూశాడు. "మీరు... మీరు చాలా కష్టపడతారు సార్," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మా అమ్మ మంచి మాటే నేర్పించింది సార్, చెడ్డమాట నాకు రాదు."

"ఇది ప్రిన్సిపాలుగా నా ఆదేశం ధర్మతేజా! తప్పు చెయ్యి!"

"చెయ్యలేను సార్. క్షమించండి."

మూలన కూర్చున్న పరంజ్యోతి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "ప్రిన్సిపాలుగారి రాతపూర్వక లేదా మౌఖిక ఆదేశాలను ధిక్కరించుట. నియమావళి నాలుగో పేజీ."

చక్రధరరావు కలం తీశాడు. తన ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఆయన ఎవరినీ శిక్షించలేదు.

ఏప్రిల్ చివర పై కార్యాలయానికి నివేదిక వెళ్లింది. "సదరు ఆవరణలో ప్రస్తుతము విద్యార్థులు గానీ, బోధనా సిబ్బంది గానీ లేనందున విద్యాసంస్థ ఏదియు లేదు. నిబంధనలు సంపూర్ణముగా అమలగుచున్నవి." ఉత్తర్వు పాటించడంలో జిల్లాలోకెల్లా ఉప్పరమడుగు మొదటి స్థానంలో నిలిచింది. ప్రిన్సిపాలుకు శాలువా కప్పారు. పుల్లబడిన రెండో తొట్టి పరీక్షలో వినెగర్ అని తేలింది. వినెగర్ మద్యం కాదు కాబట్టి, దాన్ని విద్యాభ్యాసం నిమిత్తం బడిలోకి తరలించడానికి ప్రత్యేక అనుమతి వచ్చింది.

వార్షిక పరీక్షల దగ్గర కొంచెం చిక్కొచ్చింది. సస్పెండైనవాళ్లు పరీక్ష రాయకూడదు, రాయకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే నాగవేణి సొంతంగా ఏదీ మొదలుపెట్టడానికి వీల్లేదు. చక్రధరరావు రెండు రోజులు ఫైళ్లతో గడిపి దారి కనిపెట్టాడు. పరీక్ష రోజుల్లో ఉదయం పదింటి నుంచి ఒంటిగంట వరకు సస్పెన్షన్ రద్దు. ఆ మూడు గంటలు వైనరీకి పరంజ్యోతి తాళం, సీలు. ఒంటిగంటకు బెల్లు కొట్టగానే సస్పెన్షన్ మళ్లీ మొదలు, తాళం తీసేవాళ్లు, పిల్లలు సిరా చేతులతోనే పీపాల దగ్గరికి పరుగెత్తేవాళ్లు.

పదకొండుమందీ పాసయ్యారు. మొదటి తొట్టి వైన్‌ను బయటి నుంచి వచ్చిన ముగ్గురు నిపుణులు రుచి చూసి, చాలా ఏళ్లలో ఇలాంటిది తాగలేదన్నారు. నాగవేణి వాళ్ల నాన్న కూడా ఆ రోజు వచ్చాడు. గ్లాసు పట్టుకుని వాసన చూశాడు, తాగలేదు. "వచ్చే యేడు మన పండు దీంట్లో పడితే ఇట్లే వస్తాదా?" అని కుళ్లాయప్పను అడిగాడు.

"దగ్గరుండి చూసుకుంటే వస్తాది," అన్నాడు కుళ్లాయప్ప. "నేనైతే యాడికీ పోను. నా సస్పెన్షను ఇంకో ఏడాది పొడిగించినారు."

"నేను కూడా రోజూ వస్తా సార్," అంది నాగవేణి. "చదువు అయిపోయింది గదా, ఇంక నన్నెవరూ ఆపలేరు."

జూన్‌లో కొత్త పిల్లల చేరిక. ప్రిన్సిపాలు బల్ల మీద కవర్ల దొంతర ఉంది. మొదటి పిల్లతో వచ్చిన తల్లి పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర అంచుకు ఎర్రమట్టి. కవరు విప్పితే లోపల రెండు కాగితాలు. ఒకటి సీటు ఇచ్చినట్టు, రెండోది సస్పెండ్ చేసినట్టు. ఆమె రెండోదాన్ని కూతురి చేత చదివించుకుని కంగారుగా తలెత్తింది.

"మా బిడ్డ యేం తప్పు చేసినాది సార్?"

"ఇంతవరకు ఏమీ లేదమ్మా," అన్నాడు చక్రధరరావు ఓదార్పుగా. "చదువుకుంటానని దరఖాస్తు పెట్టింది, అంతే."

ఆమె ఆలోచించింది. కిటికీలోంచి ఎదురుగా వైనరీ తలుపు దగ్గర కుళ్లాయప్ప, నాగవేణి పీపాలు దొర్లిస్తూ కనిపిస్తున్నారు.

"మరి ఎన్నాళ్లు సార్, ఈ సస్పెన్షను?"

"రెండేళ్లమ్మా. ఫెయిలైతే మూడు."